గీత కింద చుక్క

కుర్చీలు చేసేవాడు కుర్చీలో కూర్చోకూడదు. మా కార్ఖానాలో అన్నిటికన్నా పాత రూలు ఇదే. కూర్చుంటే రెగ్జిన్ ముడత పడుతుంది, ముడత పడ్డ కుర్చీని ఎవరూ కొనరు అని యజమాని ఎర్రరంగుతో గోడ మీద రాయించాడు. సరిగ్గా ఆ రాత కిందే, బోర్లించిన చెక్కపెట్టె మీద, మా బావ ఇరవై రెండేళ్లు కూర్చున్నాడు. ఊళ్లో ఆఫీసుల జనం నడుము నొప్పి లేకుండా కూర్చోవాలని ఆయన కుట్టిన కుర్చీలు ఎన్నో ఎవరికీ తెలియదు. దీపం కింద చీకటి అంటారే, ఆ మాట మా కార్ఖానాను చూసే పుట్టిందేమో అనుకుంటాను.

బావ అంటే మా అక్క భర్త. నన్ను పనిలో పెట్టించింది ఆయనే. నాది కుర్చీలకు కాళ్లూ చక్రాలూ బిగించే పని, నిలబడి చేసేది. "నువ్వు నుంచుని అరిగిపో, నేను కూర్చుని అరిగిపోతా. సాయంత్రం ఇద్దరం కలిసి మీ అక్క ముందు మూలుగుదాం" అనేవాడు మొదట్లో. అప్పటికి అది వేళాకోళమే. ఇద్దరం నవ్వేవాళ్లం.

ఆయన పని ఏమిటో చెప్పాలి. కుర్చీ వీపుకు తొడిగే రెగ్జిన్ సంచీ మూడు పక్కలా మిషన్ మీద కుట్టి వస్తుంది. దాన్ని చట్రానికి తొడిగి, లోపల స్పాంజి దూర్చి, నడుముకు ఆనేలా ఒక చిన్న దిండు పెట్టి, నాలుగో పక్కను చేత్తో మూసెయ్యాలి. అంత మందం ఏ మిషన్ కిందా పట్టదు. అందుకు వంకర సూది, మైనం పట్టించిన దారం. పెట్టె మీద కూర్చుని, కుర్చీ వీపును మోకాళ్ల మధ్య ఇరికించుకుని, దాని మీదికి వంగి, సూది గుచ్చి, దారాన్ని కుడిపక్కకు బలంగా లాగాలి. మళ్లీ గుచ్చాలి, మళ్లీ లాగాలి. ఎడమ చెయ్యి రెగ్జిన్‌ను నొక్కిపట్టి ఉంటుంది, అది కదలకూడదు. మెడ వంగి ఉంటుంది, అదీ కదలదు. కుడి భుజం ఒక్కటే పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా లాగుతూ ఉంటుంది. ఒక్కో వీపుకు నలభై రెండు కుట్లు. కుట్టు వదులైతే ఏడాది తిరక్కుండా స్పాంజి బయటికి తొంగి చూస్తుంది. బావ వేసిన కుట్టు అలా తొంగి చూసింది ఒక్కటీ లేదు.

కానీ ఆయనకు పేరు వచ్చింది కుట్టు వల్ల కాదు, వీపు వల్ల. కొత్తరకం కుర్చీ తయారైనప్పుడల్లా ఆ నడుం దిండు ఎంత ఎత్తున పెట్టాలో తేల్చాలి. దానికి మా దగ్గర బొమ్మలూ కొలతల కాగితాలూ ఏమీ ఉండేవి కావు. యజమాని మా బావను పిలిచేవాడు. ఆ ఒక్క కుర్చీకి గోడ మీది రూలు వర్తించదు. బావ చేతులు కడుక్కుని, చొక్కాకు అంటిన పోగులు దులుపుకుని, మా అందరి ముందూ దర్జాగా కూర్చునేవాడు. ఇంకా స్పాంజి పెట్టని చట్రానికి ఒట్టి కాన్వాసు గుడ్డ బిగించి ఉండేది. ఆయన దానికి ఆనుకుని కళ్లు మూసుకుంటే, వెనక నుంచి నేను బొటనవేలితో నొక్కుతూ పోయేవాణ్ణి.

"పైకి... ఇంకాస్త... ఎక్కువైంది, దిగు... ఇక్కడ!"

అక్కడ సుద్దతో గీత గీసేవాణ్ణి. ఆ గీతను బట్టి చెక్కతో మూస కోసి, ఆ రకం కుర్చీలన్నిటికీ అదే ఎత్తున దిండు పెట్టేవాళ్లం. గీత గీసిన మొదటి కుర్చీకి కూడా రెగ్జిన్ తొడిగి, నమూనాగా అటకెక్కించేవాళ్లం. "మాకు టేపులు గీపులు అక్కర్లేదు, ఇదిగో ఇతని వీపే మా కొలబద్ద" అని కొనడానికి వచ్చినవాళ్లకు యజమాని చూపించేవాడు. అలా ఆయన పేరే కొలబద్ద అయింది. టీ తెచ్చేవాడు కూడా "కొలబద్దన్నా" అని పిలిచేవాడు. బావ పైకి విసుక్కునేవాడు గానీ, ఆ పేరంటే ఆయనకు ప్రాణం. జీవితంలో ఆయన్ను నలుగురిలో నిలబెట్టింది అదొక్కటే మరి.

ఆ గీత ఎక్కడ పడుతుందో నా చేతికి కంఠతా వచ్చేసింది. సీటు నుంచి ఒక జానెడు, ఆ పైన రెండు వేళ్లు. ఏ రకం కుర్చీ అయినా అంతే. పదేళ్ల పాటు ఆ లెక్క తప్పలేదు.

పదకొండో ఏట ఒకరోజు బావ "ఇక్కడ" అన్నప్పుడు నా వేలు ఎప్పటి చోటికి ఒక వేలెడు కింద ఉంది.

"సరిగ్గా చెప్పు బావా" అన్నాను.

"సరిగ్గానే చెప్తున్నా. నీ చెయ్యే వణుకుతోంది, ముసలాడివైపోతున్నావ్" అన్నాడు. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. ఆయన చెప్పిన చోట సుద్దతో చిన్న చుక్క పెట్టి, దానికి వేలెడు పైన, నా చేతికి తెలిసిన చోట గీత గీశాను. మూస ఆ గీతను బట్టే కోశారు. కుర్చీలు బాగున్నాయని అందరూ మెచ్చుకున్నారు. యజమాని మా బావ వీపు తట్టాడు.

ఆ తర్వాత అది అలవాటైపోయింది. చుక్క ఆయనది, గీత నాది. రెండేళ్లకో మూడేళ్లకో కొత్తరకం వచ్చేది, వచ్చినప్పుడల్లా చుక్క ఇంకాస్త కిందికి దిగేది. తర్వాత తర్వాత ఎడమపక్కకు కూడా జరగడం మొదలుపెట్టింది. నేను దాన్ని మళ్లీ మధ్యకు తెచ్చి గీసేవాణ్ణి. చుక్క అసలు ఎందుకు పెట్టేవాణ్ణో నాకే తెలియదు. ఆయన మాట పూర్తిగా కొట్టేయలేదని నాకు నేను చెప్పుకోవడానికి కాబోలు.

అక్కను చేసుకున్న కొత్తలో బావ మా ఇంటికి వస్తే గుమ్మం దగ్గర తల వంచాల్సి వచ్చేది. అంత పొడుగు. "మీ ఇంట్లో అల్లుడికి మర్యాద లేదు, రాగానే తల వంచమంటారు" అని మా అమ్మను ఆటపట్టించేవాడు. ఒకరోజు ఆయన తల వంచకుండానే నేరుగా లోపలికి వచ్చి కూర్చున్నాడు. గుమ్మం ఎత్తు పెరగలేదని నాకు తెలుసు. అమ్మకూ తెలుసు, అక్కకూ తెలుసు. ఎవరమూ మాట్లాడలేదు. అక్క అయితే అప్పటికే ఆయన చొక్కాల ముందు అంచు రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టడం మొదలుపెట్టింది. వీపు వంగినవాడికి చొక్కా ముందు వేలాడుతుంది, వెనక పైకి లేస్తుంది. అది ఆయనకు తెలియకూడదని కొత్త చొక్కా కొన్న రోజే సరిచేసేసేది. ఇంట్లో ఆవిడ, కార్ఖానాలో నేను. ఇద్దరం కలిసి ఆయన్ను నిటారుగా నిలబెట్టేశాం.

నొప్పి మాత్రం మా చేతుల్లో దాగలేదు. ముందు మెడలో పట్టేసేది. తర్వాత కుడి భుజం. పొద్దున్నే చొక్కా చెయ్యి తొడుక్కోవడానికి అక్క సాయం కావాల్సి వచ్చింది. అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్లడానికి చేతిని ఎత్తే బదులు నోటినే కంచం దగ్గరికి దించేవాడు. కుడిచేతి చివరి రెండు వేళ్లూ తిమ్మిరెక్కి, సూది పట్టుకున్నాడో లేదో చూస్తేగానీ తెలిసేది కాదు. "ముల్లు గుచ్చుకున్నా తెలీట్లేదు, ఇదీ ఒక సుఖమేలే" అనేవాడు. అక్క ఏడ్చి మొత్తుకుంటే చివరికి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను.

డాక్టరు మందులకన్నా మాటలే ఎక్కువ ఇచ్చాడు. పని మోచేతి ఎత్తులో ఉండాలి, ఒళ్లు దాని మీదికి వంగకూడదు. వీపుకు ఆసరా ఉన్న సీటు కావాలి. రెండు పాదాలూ నేలకు ఆనాలి. దారాన్ని ఒకే పక్కకు లాగకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి అరగంటకూ లేచి నాలుగడుగులు వెయ్యాలి.

"ఇంతకూ నువ్వు కుట్టేదేంటి?" అని అడిగాడు చివర్లో.

"కుర్చీలు కుడతానండి. ఇప్పుడు మీరు కూర్చున్నది మాదే" అన్నాడు బావ.

డాక్టరు ఒకసారి లేచి కుర్చీని చూసి మళ్లీ కూర్చున్నాడు. ఆయన నడుం దిండు సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. అది నా గీత.

నేను ఆ వారమే పాత చెక్కలతో ఒక బల్ల కొట్టాను. కుర్చీ వీపును దాని మీద బిగించిన రెండు చెక్క పళ్ల మధ్య నిలబెడితే మోచేతి ఎత్తుకు వస్తుంది, మోకాళ్లతో పని లేదు. వీపు ఉన్న పాత స్టూలు ఒకటి తెచ్చి పెట్టాను. బావ రెండు రోజులు వాడాడు. రోజుకు పద్దెనిమిది వీపులు మూసేవాడికి పదకొండే అయ్యాయి. యజమాని ఒకసారి వచ్చి చూసి వెళ్లాడంతే. మూడోరోజు బావ మళ్లీ పెట్టె మీదికి చేరాడు. నా బల్ల మీద ఆయన క్యారేజీ, నీళ్ల సీసా వెలిశాయి.

"దీనికా నేను ఆదివారమంతా చెమటోడ్చింది?" అన్నాను.

"అన్నం పెట్టుకోవడానికి బాగుందిరా. ఎత్తు సరిగ్గా సరిపోయింది" అన్నాడు.

"డాక్టరు ఏమన్నాడు?"

"డాక్టరు కుట్టడుగా కుర్చీలు! అరగంటకోసారి లేస్తే దారం మైనం ఆరిపోతుంది, చేతి వేగం పోతుంది. నా ఒంటి సంగతి నాకు తెలుసు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషితో ఏం వాదిస్తాం? నా కోపం సంగతి నాకూ తెలుసు. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అయిదో రోజు కొత్తరకం కుర్చీ సిద్ధమైంది. పెద్ద ఆఫీసు ఒకటి అరవై కుర్చీలు అడిగింది. ఎప్పటిలాగే బావ చేతులు కడుక్కుని వచ్చాడు. కూర్చునేటప్పుడు రెండు చేతులూ ఆన్చుకుని మెల్లగా దిగాడు. నేను వెనక నుంచి నొక్కడం మొదలుపెట్టాను. కాన్వాసు అవతల ఆయన వెన్ను ఎముకలు నా వేలికి ఒక్కొక్కటీ తగులుతున్నాయి. ఎప్పుడూ ఆపే చోట ఆపాను.

"దిగు. ఇంకా దిగు. ఎడమకి. ఇక్కడ."

చూస్తే జానెడుకు రెండు వేళ్లు తక్కువ. మధ్య నుంచి బొటనవేలంత ఎడమకు ఉంది.

"బావా, ఇది కాదు. మళ్లీ చూడు" అన్నాను మెల్లగా.

"నీకెందుకురా?" అన్నాడు, అందరికీ వినబడేలా. "కొలబద్ద నువ్వా, నేనా? నా నడుం నాకు తెలీదా? చెప్పిన చోట గీత గియ్యి, చాలు."

గీశాను. చెప్పిన చోటే గీశాను. ఆ రోజు చుక్క పెట్టలేదు, పైన వేరే గీత గీయలేదు. మంటగా ఉంది నాకు. నీ నడుము సంగతి నువ్వే చూసుకో అనుకుంటూ సుద్దముక్కను జేబులో వేసుకుని నా చక్రాల దగ్గరికి వెళ్లిపోయాను. సాయంత్రానికి కోపం చల్లారింది. మూస కోసే వ్యక్తిని ఆపి ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే పదేళ్ల చుక్కల సంగతి బయటపడుతుంది. చెప్పలేదు.

అరవై కుర్చీలూ నెల తిరక్కుండా వెనక్కి వచ్చాయి. దిండు తుంటి దగ్గర పొడుస్తోందనీ, కూర్చున్నవాళ్లను ఎవరో పక్కకు తోస్తున్నట్టుందనీ రాసిన కాగితం కూడా వచ్చింది. వరండా నిండా ఆ కుర్చీలే. యజమాని ఒకదానిలో కూర్చుని చూశాడు, లేచి ఇంకోదానిలో కూర్చున్నాడు. తర్వాత బావను పిలిచాడు.

"నువ్వు కూర్చో."

బావ కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఎన్నాళ్లకో ఒళ్లు నొప్పి మరిచిపోయినవాడిలా ఆయన మొహం విప్పారింది. "బ్రహ్మాండంగా ఉందండీ. ఇంత బాగా ఎప్పుడూ కుదర్లేదు" అన్నాడు.

యజమాని కాసేపు ఆయన వంకే చూసి, "లే. ఇలా వచ్చి గోడకి ఆనుకుని నుంచో. మడమలు ఆనించు. తల ఆనించు" అన్నాడు.

బావ ఎర్రరంగు రాత కింద నిలబడ్డాడు. మడమలు ఆనాయి. వీపు మధ్యభాగం ఆనింది. తల ఆనలేదు. ఇంకా వెనక్కి నెట్టాడు, మెడ నరాలు లేచాయి, అయినా ఆనలేదు. యజమాని తన అరచేతిని గోడకూ ఆయన తలకూ మధ్య అడ్డంగా పెట్టి చూశాడు. తర్వాత నిలువుగా తిప్పి పెట్టాడు. నిలువుగానూ పట్టింది.

"ఎప్పట్నుంచయ్యా ఇలా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

మర్నాడు అందరూ అన్నాలకు వెళ్లాక బావ నన్ను ఆపాడు. "అటక మీది నమూనాలు దించు" అన్నాడు. నేను నిచ్చెన వేశాను. దించనని చెప్పొచ్చు, కడుపునొప్పి అని ఇంటికి పోవచ్చు. ఏదీ చెయ్యలేదు. తొమ్మిది కుర్చీలు దుమ్ముతో సహా ఒక్కొక్కటీ దించి ఆయన ముందు పెట్టాను. ఆయన పెట్టె మీద కూర్చుని, బ్లేడుతో తన కుట్లు తానే కోసి, రెగ్జిన్ వెనక్కి మడిచి లోపలి కాన్వాసు చూశాడు. మొదటి నాలుగింటిలో ఒక్క గీతే ఉంది. అయిదోదానిలో గీత, దాని కింద వేలెడు దూరంలో చుక్క. ఆరోదానిలో రెండు వేళ్లు. ఏడోదానిలో చుక్క పక్కకు కూడా జరిగింది. తొమ్మిదోది విప్పి దాన్ని చాలాసేపు చూశాడు. అది మూడేళ్ల కిందటిది.

"చుక్క నాది కదూ?" అన్నాడు.

"ఊఁ."

"గీత ఎవరిది?"

"నాదే బావా."

"ఎందుకు?"

"నీ పేరు పోతుందని."

ఆయన బ్లేడును కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "నొప్పి ఉందని నాకు తెలుసురా" అన్నాడు. "నొప్పి ఎవరికి లేదు? వంగిపోయానని మాత్రం తెలీదు. ప్రతిసారీ నా గీత సరిగ్గా పడుతోంది, కుర్చీలు అమ్ముడుపోతున్నాయి. నా వీపు బాగానే ఉంది కాబోలు, నొప్పి ఉత్త నొప్పే కాబోలు అనుకున్నా. నా వీపు నేను చూసుకోలేను కదరా. వెనక ఉన్నది నువ్వు."

నేను తొమ్మిదో కుర్చీ రెగ్జిన్‌ను మళ్లీ కాన్వాసు మీదికి లాగాను.

"చెప్పుంటే అప్పుడే లేచేవాణ్ణి."

లేచేవాడా? ఏమో. లేచేవాడు కాదనే నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. డాక్టరు చెబితే లేవని మనిషి నేను చెబితే లేస్తాడా? కానీ ఆ మాట అడ్డం పెట్టుకుని తప్పించుకోవడానికి నాకు మనసొప్పదు. చెప్పి చూడలేదు కదా నేను.

ఆ అరవై కుర్చీల కుట్లూ ఆయనే విప్పాడు. ఎవరు వద్దన్నా వినలేదు. వారం రోజులు పెట్టె మీద కూర్చుని విప్పాడు, దిండ్లు పైకి జరిపి మళ్లీ కుట్టడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఒకటో కుర్చీ దగ్గర కుడిచెయ్యి సూదిని వదిలేసింది. మళ్లీ పట్టుకోలేదు. మిగతావి మరొకరు కుట్టారు. కొత్తరకాలకు ఇప్పుడు ఎక్కడి నుంచో కొలతల కాగితం వస్తుంది. బావ పోయాక, అంటే పనిలోంచి పోయాక, అందరికీ వీపున్న స్టూళ్లు వచ్చాయి, నేను కొట్టిన బల్లలాంటివి ఆరు చేయించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

ఆఖరిసారి గీత గీసిన, ఇంకా అటకెక్కని నమూనా కుర్చీని యజమాని బావకే ఇచ్చేశాడు. అది ఇంకెవరికీ పనికిరాదు. మా అక్క ఒకసారి కూర్చుని, "అమ్మో, ఇదేం కుర్చీ! ఎవరో నెట్టేస్తున్నట్టుంది" అని లేచిపోయింది. బావ మాత్రం అందులోనే ఉంటాడు, కిటికీ పక్కన. ప్రపంచంలో ఆయనకు నొప్పి పుట్టించని చోటు అదొక్కటే. అందులోంచి తనంతట తాను లేవలేడు, అదొక్కటే ఇబ్బంది.

ఆదివారాలు నేను వెళ్తాను. మొన్న వెళ్లినప్పుడు అక్క వంటింట్లో ఉంది. బావ నన్ను వెనక్కి రమ్మన్నాడు.

"చెయ్యి పెట్టి చూడు. ఎక్కడుంది ఇప్పుడు?"

కుర్చీ వీపుకూ ఆయన వీపుకూ మధ్య చెయ్యి దూర్చి, సీటు నుంచి జాన పరిచాను. నా వేళ్ల కింద ఎముకలు కదిలాయి. అంతా బాగానే ఉంది బావా అన్న మాట, పదేళ్ల అలవాటు కదా, నాలుక చివరిదాకా వచ్చేసింది.

"జానెడుకి మూడు వేళ్లు తక్కువ" అన్నాను. "ఇంకో వేలు దిగింది బావా. ఎడమకి కూడా జరిగింది."

ఆయన గోడ గడియారం వంక చూసి, ఎడమ చెయ్యి నా వైపు చాపాడు.

"అరగంటైంది. లేపు" అన్నాడు.

చంకల కింద చేతులు వేసి లేపాను. ఇద్దరం గుమ్మందాకా నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చాం.